ఇరవై అక్షరాల నిఘంటువు: మార్గరెట్ డేహాఫ్ శాస్త్రజీవితం

మేరీలాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరాన్ని ఆనుకొని ఉన్న సిల్వర్ స్ప్రింగ్ నుంచి 1965లో ఒక పలచని పుస్తకం వెలువడింది. దాని పేరు 'అట్లాస్ ఆఫ్ ప్రొటీన్ సీక్వెన్స్ అండ్ స్ట్రక్చర్'. అప్పటికి ప్రపంచంలోని వేర్వేరు ప్రయోగశాలలు విడివిడిగా నిర్ణయించిన ప్రొటీన్ క్రమాలను ఏరి, సరిచూసి, ఒకే తీరులో అచ్చువేసిన సంకలనం అది. మొత్తం 65 ప్రొటీన్లు. అరవయ్యేళ్ళు తిరగకముందే, ఆ పుస్తకానికి వారసత్వంగా వచ్చిన యూనిప్రాట్ దత్తాంశనిధిలో క్రమాల సంఖ్య 20 కోట్లు దాటింది.

ఆ పుస్తకాన్ని నడిపించిన వ్యక్తి మార్గరెట్ ఓక్లీ డేహాఫ్. కంప్యూటరుతో జీవశాస్త్రం చేయవచ్చునని చేసి చూపిన తొలితరం వారిలో ఆమె ముఖ్యురాలు. ఈనాడు ఔషధ పరిశ్రమలోనో, విశ్వవిద్యాలయంలోనో జన్యుక్రమాలతో పని చేస్తున్నవారు ఆమె పేరు వినకపోయినా ఆమె ఏర్పరచిన పద్ధతులను రోజూ వాడుతూనే ఉంటారు. అయితే ఈ వ్యాసం ఉద్దేశం ఆమె విజయాల జాబితా ఇవ్వడం కాదు. ఆమె జీవితం పొడుగునా ఒక ప్రశ్న వెన్నాడింది: ఇతరులు కనుక్కున్నవాటిని సేకరించి, సరిదిద్ది, ఒక వరసలో పెట్టడం పరిశోధన అవుతుందా? ఆమె కాలపు ప్రయోగశాస్త్రవేత్తల్లో చాలామంది కాదనే అనుకున్నారు. వారి అభిప్రాయం తప్పని చరిత్ర తేల్చింది. కానీ ఆ తీర్పు వచ్చేసరికి ఆమె లేదు.

పంచ్ కార్డుల మీద క్వాంటం రసాయనం

మార్గరెట్ ఓక్లీ 1925 మార్చి 11న ఫిలడెల్ఫియాలో పుట్టింది. ఆమె పదేళ్ళ వయసులో కుటుంబం న్యూయార్క్ నగరానికి మారింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1945లో పట్టా పుచ్చుకొని, కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జ్ కింబాల్ వద్ద క్వాంటం రసాయనశాస్త్రంలో పరిశోధనకు చేరింది. 1948లో డాక్టరేటు వచ్చింది. 

ఆ పరిశోధన వస్తువు కంటె దాన్ని ఆమె చేసిన తీరు మనకిక్కడ ముఖ్యం. అనేక వలయాలున్న కర్బన అణువుల శక్తిని లెక్కకట్టడం ఆమె పని. చేత్తో చేస్తే ఎన్ని నెలలు పడుతుందో తెలియని గణన అది. ఆ రోజుల్లో బ్యాంకులూ బీమా సంస్థలూ ఖాతాలు చూసుకోవడానికి రంధ్రాలు పొడిచిన కార్డులతో నడిచే యంత్రాలను వాడేవి. కొలంబియాలో ఐబీఎం నెలకొల్పిన వాట్సన్ ప్రయోగశాలలో అలాంటి యంత్రాలు ఉండేవి. మార్గరెట్ తన అణువుల లెక్కను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, పద్దుల యంత్రాల చేత చేయించింది. ఒక పెద్ద సమస్యను యంత్రానికి అర్థమయ్యే ముక్కలుగా మార్చే ఈ నేర్పే ఆమె తరువాతి జీవితానికి పునాది.

అదే ఏడు భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ డేహాఫ్‌తో ఆమె వివాహం జరిగింది. 1951 దాకా రాక్‌ఫెల్లర్ సంస్థలో విద్యుద్రసాయన శాస్త్రంలో పని చేసింది. 1952లో దంపతులు వాషింగ్టన్ ప్రాంతానికి వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలను పెంచుతూ ఆమె కొన్నేళ్ళు పరిశోధనకు దూరంగా ఉండి, 1957లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ విరామం ఆమెను చాలాకాలం వెంటాడింది. వేగంగా సాగిపోతున్న రంగాలతో ఈమెకు దగ్గరి సంబంధం తెగిపోయిందన్న సందేహం తరువాత ఆమె నిధుల దరఖాస్తులు చదివిన సమీక్షకుల నుంచి ఎదురైంది. పిల్లల కోసం ఉద్యోగం మానుకొని, తిరిగి వచ్చినప్పుడు ఆ ఖాళీ ఏళ్ళకు సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఈ దేశంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఇళ్ళలోని ఆడవారికీ తెలియనిది కాదు.

ముక్కల నుంచి వాక్యం

1960లో ఆమె నేషనల్ బయోమెడికల్ రిసెర్చ్ ఫౌండేషన్‌లో సహ సంచాలకురాలిగా చేరింది. దాని వ్యవస్థాపకుడు రాబర్ట్ లెడ్లీ విచిత్రమైన ప్రతిభాశాలి. దంతవైద్యమూ భౌతికశాస్త్రమూ రెండూ చదివినవాడు. వైద్యంలోకి కంప్యూటరును తేవాలన్నది ఆయన పట్టుదల. తరువాతి కాలంలో శరీరం మొత్తాన్ని చిత్రించే సీటీ స్కానరును రూపొందించిందీ ఆయనే.

ఆ సమయానికి ప్రొటీన్ల గురించి తెలిసినదేమిటో క్లుప్తంగా చెప్పుకోవాలి. ప్రొటీన్ అంటే ఎమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి దండలా గుచ్చుకున్న అణువు. సాధారణంగా అందులో 20 రకాల ఎమైనో ఆమ్లాలుంటాయి. అవి ఏ వరసలో ఉన్నాయన్నదే ఆ ప్రొటీన్ క్రమం. ఇన్సులిన్‌లోని 51 ఎమైనో ఆమ్లాల క్రమాన్ని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ ఏళ్ళ తరబడి శ్రమించి నిర్ణయించాడు. అందుకు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. పొడవాటి దండను ఒక్కసారిగా చదివే పద్ధతి లేదు. ఒక ఎంజైముతో దాన్ని కొన్నిచోట్ల తెంచి ముక్కలను చదవాలి. మరొక ఎంజైముతో వేరేచోట్ల తెంచి ఆ ముక్కలనూ చదవాలి. ఒక విడత ముక్కల చివరలు రెండో విడత ముక్కల నడుమ ఎక్కడ వస్తున్నాయో చూసి, అసలు దండ ఎలా ఉండేదో ఊహించాలి. ఒకే ఉత్తరం రెండు ప్రతులను వేర్వేరు చోట్ల చించి పారేస్తే, ఆ చిరుగులను కలిపి ఉత్తరం చదవడం వంటిది ఈ పని.

ముక్కలు పెరిగేకొద్దీ ఇది మనిషి బుర్రకు అందని చిక్కుముడి అవుతుంది. లెడ్లీ, డేహాఫ్ 1962లో 'కాంప్రొటీన్' అన్న ప్రోగ్రామును ప్రకటించారు. ఫోర్ట్రాన్‌లో రాసిన ఆ ప్రోగ్రాము ఐబీఎం 7090 యంత్రం మీద నడిచింది. ముక్కల జాబితా ఇస్తే, వాటికి పొసగే క్రమాలన్నీ నిమిషాల్లో వెతికి చెప్పేది. మూడు దశాబ్దాల తరువాత మానవ జీనోమును చదవడానికి కోట్లకొద్దీ డి.ఎన్.ఏ. ముక్కలను కంప్యూటర్లతో అతికించవలసి వచ్చినప్పుడు తలెత్తిన సమస్య మూలంలో ఇదే. ఆ దారిలో తొలి అడుగుల్లో ఇదొకటి.

ఈ కాలంలోనే డేహాఫ్ ఆసక్తి మరోవైపుకూ మళ్ళింది. ఎల్లిస్ లిపిన్‌కాట్, రిచర్డ్ ఎక్, కార్ల్ సేగన్‌లతో కలిసి గ్రహాల వాతావరణంలో ఏయే అణువులు సమతౌల్యంలో ఉండగలవో కంప్యూటరుతో లెక్కవేసింది. జీవం పుట్టకముందు భూమి మీద ఏ పదార్థాలు ఉండి ఉంటాయన్న ప్రశ్న అందులో ఉంది. జీవం పుట్టుక అన్న ఈ ప్రశ్నే ఆమె సంకలనానికి కూడా ప్రేరణ. ప్రొటీన్లను ఆమె పాత దస్తావేజుల్లా చూసింది. కోట్ల సంవత్సరాల చరిత్ర వాటి అక్షరాల్లో దాగి ఉందని నమ్మింది.

అట్లాసు

1960ల తొలినాళ్ళలో ప్రొటీన్ క్రమాలు పదుల సంఖ్యలో వస్తున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో పత్రికలో, ఒక్కో రూపంలో అచ్చయ్యేది. ఒకే ప్రొటీన్ గురించి రెండు ప్రయోగశాలలు రెండు రకాలుగా రాసేవి. డేహాఫ్ బృందం పత్రికలన్నీ గాలించి, క్రమాలను కార్డులకెక్కించి, అనుమానం వచ్చినచోట ఆయా శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాసి, తప్పులు దిద్ది అట్లాసును తయారుచేసింది. డేహాఫ్, రిచర్డ్ ఎక్, మేరీ చాంగ్, మిన్నీ సోచార్డ్ తొలి ముద్రణకు సంకలనకర్తలు. 1972 నాటికి అయిదు సంపుటాలు వచ్చాయి. తరువాత 1973, 1976, 1978లలో అనుబంధాలు వచ్చాయి.

కంప్యూటరు స్మృతిలో ప్రతి అక్షరమూ ఖరీదైన కాలమది. అంతవరకూ ఎమైనో ఆమ్లాలను మూడక్షరాల సంకేతాలతో రాసేవారు. డేహాఫ్ అట్లాసులో ఒక్కోదానికి ఒక్కొక్క అక్షరం వాడింది. ఏకాక్షర సంకేతాల ఆలోచన ఆమెతోనే మొదలు కాలేదు. అంతకుముందు జార్జ్ గామో వంటివారూ ప్రతిపాదించారు. కాని పెద్ద ఎత్తున వాడి, స్థిరపరచిన ఘనతలో ఆమెది పెద్ద వాటా. 1968లో అంతర్జాతీయ సంఘం ఆమోదించిన పట్టికే నేటికీ చెల్లుతోంది. అందులో జ్ఞాపకశక్తికి సాయపడే చమత్కారాలున్నాయి. పేరులో మొదటి అక్షరం మరెవరితోనూ తగువు లేనివాటికి ఆ అక్షరమే ఇచ్చారు. ఫినైలెలనిన్‌కు ధ్వనిని బట్టి 'ఎఫ్'. ట్రిప్టోఫాన్‌కు రెండు వలయాలున్న భారీ ఆకారం గుర్తుకొచ్చేలా 'డబ్ల్యూ'. లైసిన్‌కు 'ఎల్' దొరకలేదు, అది ల్యూసిన్ తీసుకుంది; అందుకని వర్ణమాలలో పక్కనే ఉన్న 'కె' వచ్చింది. ఇలా ప్రొటీన్ అంటే ఇరవై అక్షరాల్లో రాసిన ఒక పదంగా మారింది. అక్షరాల్లో పడ్డాక దాన్ని వెతకవచ్చు, పోల్చవచ్చు, లెక్కపెట్టవచ్చు.

వంశవృక్షాలు

అట్లాసు ఉత్త జాబితా అయితే దాని గురించి ఇంత చెప్పుకోనక్కరలేదు. క్రమాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే దాని ప్రయోజనం. సైటోక్రోమ్-సి అన్న ప్రొటీన్‌ను చూడండి. కణం శ్వాసించడానికి అవసరమైన ఈ ప్రొటీన్ మనిషిలోనూ ఉంది, గుర్రంలోనూ ఉంది, పులియబెట్టే ఈస్టులోనూ ఉంది. మనిషిలో దాని పొడవు 104 ఎమైనో ఆమ్లాలు. మనిషికీ చింపాంజీకీ ఒక్క తేడా లేదు. రీసస్ కోతికీ మనకూ ఒక్కటి తేడా. గుర్రంతో 12 తేడాలు. బంధుత్వం దూరమైనకొద్దీ అక్షరాల తేడా పెరుగుతుంది.

తెలుగు సాహిత్యం తెలిసినవారికి ఈ తర్కం కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాంతరాలను పోల్చి చూపించి, 1829లో తన కూర్పును అచ్చువేయించాడు. లేఖకుడు చేసిన తప్పు ఆ ప్రతిని చూసి రాసుకున్న ప్రతులన్నిటిలోనూ కొనసాగుతుంది. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే విచిత్రమైన తప్పు కనిపిస్తే, ఆ రెండింటికీ ఒకే మాతృక ఉండి ఉంటుందని పరిష్కర్త ఊహిస్తాడు. జీవులూ అలాంటి ప్రతులే. తరతరాలుగా నకలవుతూ వచ్చిన జన్యువుల్లో దొర్లిన మార్పులను బట్టి పోయిన మాతృకను పునర్నిర్మించవచ్చు.

1966 అట్లాసులో ఎక్, డేహాఫ్ ఈ పనిని కంప్యూటరు చేత చేయించారు. వారు పాటించిన నియమం సులభమైనది: సాధ్యమైన వంశవృక్షాలన్నిటిలో ఏది అతి తక్కువ మార్పులతో ఇప్పటి క్రమాలను వివరించగలదో దాన్నే ఎంచుకోవాలి. మన తార్కికులు దీన్ని లాఘవం అంటారు. ఆ మరుసటి సంవత్సరం వాల్టర్ ఫిచ్, ఇమాన్యుయెల్ మార్గోలియాష్ సైటోక్రోమ్-సి తేడాల ఆధారంగా వేరొక పద్ధతిలో వంశవృక్షం గీశారు. ఎముకలూ శిలాజాలూ చూసి శతాబ్దకాలంగా గీస్తున్న చిత్రానికి, అణువుల నుంచి స్వతంత్రంగా వచ్చిన ఈ చిత్రం చాలావరకు సరిపోయింది.

1966లోనే 'సైన్స్' పత్రికలో వాళ్ళిద్దరూ ఫెర్రెడాక్సిన్ అన్న చిన్న ప్రొటీన్ గురించి రాశారు. ఆ క్రమం మొదటి సగానికీ రెండో సగానికీ పోలిక ఉంది. అంటే, ఒకప్పుడు ఇందులో సగం పొడవున్న ప్రొటీన్ ఉండేది. అది రెట్టింపై ఇదయింది. ఆ సగం ఇంకా ప్రాచీనమైన నాలుగు ఎమైనో ఆమ్లాల పునరావృత్తి నుంచి వచ్చి ఉంటుందని వారి ప్రతిపాదన. ఎన్నో ఇతర అంశాలు ఆధారపడి ఉన్న భాగాన్ని పరిణామం సులభంగా మార్చనివ్వదు కాబట్టి ఆ ప్రాచీన రూపం ఆనవాళ్ళు నేటికీ మిగిలాయని వాదించారు. ప్రయోగశాలలో పరీక్షనాళికను ముట్టకుండా, కేవలం అచ్చయిన అక్షరాలు చదివి, జీవం తొలి రోజుల గురించి మాట్లాడిన పరిశోధన ఇది.

1,572 మార్పులు

డేహాఫ్ చేసిన వాటిలో ఎక్కువకాలం నిలిచింది 1978 అనుబంధంలో అచ్చయిన ఒక పట్టిక. దాని అవసరం ఇది. రెండు ప్రొటీన్లకు బంధుత్వం ఉందా లేదా అని తేల్చాలంటే ఒకే అక్షరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలదు. కొన్ని మార్పులు సహజమైనవి, కొన్ని అరుదైనవి. ఐసోల్యూసిన్, వాలిన్ గుణాల్లో దగ్గరివి. ఒకటి పోయి మరొకటి వస్తే ప్రొటీన్ పెద్దగా చెడదు. ట్రిప్టోఫాన్ స్థానంలో మరొకటి వచ్చి నిలవడం అరుదు. తెలుగులో 'శ', 'స'లు తారుమారు కావడానికీ, 'క' ఉండవలసినచోట 'మ' రావడానికీ తేడా ఉన్నట్టే.

ఏ మార్పు ఎంత సహజమన్నది రసాయనశాస్త్ర సూత్రాల నుంచి ఊహించే ప్రయత్నాలు జరిగాయి. డేహాఫ్, రాబర్ట్ ష్వార్ట్జ్, బ్రూస్ ఆర్కట్ వేరే దారి పట్టారు. ప్రకృతి ఏ మార్పులను అంగీకరించిందో ఆ ప్రకృతినే అడిగారు. కనీసం 85 శాతం ఒకేలా ఉన్న దగ్గరి బంధువులను మాత్రమే తీసుకొని, 71 బృందాలుగా పేర్చి, వంశవృక్షాలు గీసి, కొమ్మకొమ్మనా జరిగిన మార్పులను లెక్కపెట్టారు. మొత్తం 1,572 మార్పులు తేలాయి. వాటి నుంచి ఇరవై అక్షరాల్లో ఏది ఏదిగా మారే సంభావ్యత ఎంతో ఒక పట్టిక కట్టారు. నూటికి ఒక్క మార్పు జరిగేంత పరిణామ దూరాన్ని ఒక 'పామ్' అన్నారు. ఆ పట్టికను దానితోనే పదేపదే గుణిస్తే దూరపు బంధువుల పట్టికలు వస్తాయి. 250 సార్లు గుణిస్తే వచ్చే పామ్ 250 పట్టికలో, రెండు క్రమాల్లోనూ ఒకేచోట ట్రిప్టోఫాన్ కనిపిస్తే 17 మార్కులు. అదే ఆ పట్టికలో అత్యధికం. అది యాదృచ్ఛికంగా జరగడం అంత అరుదు.

ఇక్కడే ఆ మొదటి ప్రశ్నకు సమాధానం ఉంది. పామ్ పట్టిక ఒక సిద్ధాంతం: ప్రొటీన్లు ఎలా మారతాయో చెప్పే గణిత నమూనా. పదమూడేళ్ళుగా క్రమాలను ఏరి, పొరపాట్లు దిద్ది, బంధువులను బంధువుల పక్కన పేర్చకపోతే ఆ 1,572 మార్పులు కంటికి కనిపించేవి కావు. సేకరణ ఒకటి, సిద్ధాంతం వేరొకటి కాదు. 1992లో బ్లోసమ్ పట్టికలు వచ్చి చాలాచోట్ల పామ్ స్థానాన్ని తీసుకున్నా, అవీ ప్రకృతి అంగీకరించిన మార్పులను లెక్కపెట్టే ఆ దారిలోనే నడిచాయి.

అదే కాలంలో ఈ సంకలనం వైద్యానికి సంబంధించిన ఫలితాలూ ఇవ్వసాగింది. 1982లో వినోనా బార్కర్, డేహాఫ్ కలిసి కోళ్ళలో క్యాన్సరు కలిగించే వైరస్‌లోని ఒక ప్రొటీన్‌కు, క్షీరదాల కణాల్లో మామూలుగా పని చేసే ఒక ఎంజైముకు బంధుత్వం ఉందని క్రమాలను పోల్చి చూపారు. మరుసటి ఏడు కాలిఫోర్నియాలో రసెల్ డూలిటిల్ బృందం మరొక క్యాన్సరు జన్యువుకూ, కణాలను పెరగమని చెప్పే ఒక ప్రొటీన్‌కూ పోలిక కనిపెట్టింది. డూలిటిల్ అట్లాసును ఆధారం చేసుకొని, కొత్త క్రమాలను చేర్చుకుంటూ సొంత జాబితాను పెంచుకున్నవాడు. క్యాన్సరు అంటే కణంలోని మామూలు యంత్రాంగం అదుపు తప్పడమేనన్న అవగాహనకు ఈ పోలికలు బలమిచ్చాయి.

ఎవరి సొత్తు?

ఇంత జరిగినా ఆమె బల్ల మీద నిధుల దరఖాస్తులు తరగలేదు. నాటి జీవశాస్త్రంలో ప్రయోగానిదే పెద్దపీట. సేకరణ అన్నది ఎండుటాకులూ సీతాకోకచిలుకలూ పోగుచేసిన పాతకాలపు ప్రకృతిశాస్త్రజ్ఞుల వ్యాపకం అన్న చిన్నచూపు ఉండేది. ఒక క్రమం కోసం సంవత్సరాలు వెచ్చించిన ప్రయోగశాస్త్రవేత్త దృష్టిలో, ఆ క్రమాన్ని కార్డుకెక్కించి దాని మీద వ్యాసం రాసే మనిషి పరాయి పంట కోసుకుంటున్నట్టు కనిపించేది. అచ్చు కాని క్రమాలను ముందుగా పంపమంటే కొందరు వెనకాడేవారు. ఆ అసంతృప్తి పూర్తిగా అన్యాయమైనదని నేననను. కాని అదే మనిషి, ఆ క్రమానికి బంధువులెవరో తెలుసుకోవాలన్నప్పుడు అట్లాసే తెరిచేవాడు.

స్థిరమైన ప్రభుత్వ పోషణ లేక, ఫౌండేషన్ అట్లాసునూ దాని మాగ్నెటిక్ టేపులనూ అమ్మి ఖర్చులు కొంత రాబట్టుకునేది. టేపులోని సమాచారాన్ని ఇతరులకు పంచడం మీద ఆంక్షలు పెట్టింది. 1977లో డి.ఎన్.ఏ. క్రమాన్ని వేగంగా చదివే పద్ధతులు వచ్చాయి. ఒకటి శాంగర్‌ది, మరొకటి మాక్సమ్, గిల్బర్ట్‌లది. దాంతో క్రమాలు వెల్లువలా రాసాగాయి. డేహాఫ్ బృందం డి.ఎన్.ఏ. క్రమాలనూ సేకరించి, 1980లో టెలిఫోను తీగల ద్వారా ఎవరైనా వెతుక్కునే ఏర్పాటు చేసింది. అప్పటి అతిపెద్ద సంకలనాల్లో అది ఒకటి.

జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక కేంద్రీయ దత్తాంశనిధికి టెండరు పిలిచినప్పుడు, ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న డేహాఫ్ బృందానికే అది దక్కుతుందని ఎవరైనా అనుకుంటారు. 1982 జూన్‌లో ఒప్పందం బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థకూ, దానితో కలిసిన లాస్ అలమోస్ ప్రయోగశాలకూ వెళ్ళింది. లాస్ అలమోస్‌లో ఈ పనికి నాయకుడు వాల్టర్ గోడ్, అంతకుముందు హైడ్రోజన్ బాంబు గణనల్లో పని చేసిన భౌతికశాస్త్రవేత్త. ఆయన బృందం రెండు మాటలు ఇచ్చింది: సమాచారం మీద తమకు ఏ హక్కూ ఉండదు, ఆర్పానెట్ ద్వారా అందరికీ అందిస్తాము. అలా పుట్టిందే జెన్‌బ్యాంక్. బహిరంగతకు పేరుపడిన సంస్థ అణ్వాయుధాల ప్రయోగశాల కావడం, మూసిపెట్టుకున్నారన్న నింద వైద్య పరిశోధన సంస్థ మీద పడడం ఈ కథలోని విడ్డూరం.

డేహాఫ్‌కు అన్యాయం జరిగిందా? ఒక విషయంలో గోడ్ పక్షానిదే న్యాయం. ఒకరి అనుమతి అక్కరలేని ఉమ్మడి సొత్తుగా ఉండబట్టే జన్యుశాస్త్రం ఇంత వేగంగా పెరిగింది. 1996లో బెర్ముడాలో మానవ జీనోము శాస్త్రవేత్తలు చదివిన క్రమాన్ని 24 గంటల్లో బయటపెట్టాలని ఒప్పుకున్నది ఈ సంప్రదాయంలోనే. కానీ ఆమె ఎందుకు అమ్మవలసి వచ్చిందన్న ప్రశ్న వేయకుండా ఆమెను తప్పుపట్టడం సగం న్యాయమే. సేకరణ పరిశోధన కాదని స్థిరమైన నిధులివ్వడానికి వెనకాడిన లోకమే, బతకడానికి ధర కట్టినందుకు ఆమెను వేలెత్తి చూపింది. సేకరణకు ప్రజాధనం అవసరమని చివరికి ఒప్పుకున్నారు, కాని ఆ ధనం ఆమె చేతికి రాలేదు. డబ్బుతోనే పని తీరదనీ త్వరలోనే తెలిసింది. 1980ల నడుమ జెన్‌బ్యాంక్ వెల్లువను తట్టుకోలేక వెనకబడింది. అచ్చయిన క్రమం నెలల తరబడి నిధిలోకి ఎక్కేది కాదు. క్రమాన్ని నిధికి పంపితేనే వ్యాసం వేస్తామని పత్రికలు నియమం పెట్టాకనే ఆ చిక్కు వీడింది.

మిగిలినది

ఒప్పందం చేజారిన ఎనిమిది నెలల లోపే, 1983 ఫిబ్రవరి 5న, గుండెపోటుతో మార్గరెట్ డేహాఫ్ మరణించింది. వయసు 57. అప్పటికామె జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఆచార్యురాలు. బయోఫిజికల్ సొసైటీకి కార్యదర్శిగానూ, 1980-81లో అధ్యక్షురాలిగానూ పని చేసింది. ఆ సొసైటీ 1984 నుంచి ఆమె పేరిట యువ శాస్త్రవేత్రులకు పురస్కారం ఇస్తోంది. 

ఆమె సహచరులు పనిని ఆపలేదు. 1984లో అట్లాసు 'ప్రొటీన్ ఇన్ఫర్మేషన్ రిసోర్స్' అన్న దత్తాంశనిధిగా మారింది. ఆ రోజుల్లోనే జెనీవాలో ఆమోస్ బైరాక్ అన్న విద్యార్థి తన ప్రోగ్రాము కోసం వెయ్యికి పైగా ప్రొటీన్ క్రమాలను చేత్తో టైపు చేసుకున్నాడు; అందులో ఎక్కువ భాగం డేహాఫ్ అట్లాసులో చూసి కొట్టినవే. ఆ ప్రయత్నం నుంచి 1986లో స్విస్-ప్రాట్ పుట్టింది. 2002లో ఈ రెండు ధారలూ కలిసి యూనిప్రాట్ అయింది. ఈసారి అది అందరికీ ఉచితం.

ప్రొటీన్ల ఆకారాన్ని క్రమాన్ని బట్టి ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా వచ్చింది. అది చేసే మొదటి పని ఏమిటో గమనించండి. ఇచ్చిన క్రమానికి బంధువులను దత్తాంశనిధుల్లో వెతికి, వాటిని ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చుకొని, ఏ అక్షరం ఎక్కడ మారింది, ఏది మారకుండా నిలిచింది అని చూస్తుంది. 1965లో సిల్వర్ స్ప్రింగ్‌లో కార్డుల మీద మొదలైన పని అదే. యంత్రం నేర్చుకున్నదంటే, ఎవరో కూర్చుని ముందు పాఠాన్ని సరిదిద్ది పెట్టారన్నమాట. బ్రౌన్ పేరు మనకు తెలుసు; ఆయన దగ్గర కూర్చుని పాఠాంతరాలు పోల్చిన పండితుల పేర్లు ఎందరికి తెలుసు? డేహాఫ్ మాత్రం తాను సరిదిద్దినదాన్ని తానే చదివి, దాని నుంచి సిద్ధాంతమూ చెప్పింది. అందుకే ఆమెను సంకలనకర్త అని మాత్రమే తలచుకుంటే సగమే చెప్పినట్టు.